ర్యాంకు పడిపోయింది సరే... పడింది కాలేజా, కొలిచే టేపు మారిందా?

నిజానికి ఈసారికి వేరే టాపిక్ రెడీ చేసుకున్నాను. కానీ సెప్టెంబరు 4 సాయంత్రం మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడింది. మా అక్క కూతురు ఈ ఏడాదే ఇంజనీరింగ్‌లో చేరింది. ఎంసెట్ కౌన్సెలింగ్... ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి, మా ఇంట్లో మాత్రం ఇంకా ఎంసెటే... వెబ్ ఆప్షన్స్ పెట్టేటప్పుడు నేను, మా బావ, ఆ పిల్ల రాత్రి పన్నెండు దాకా కూర్చుని లిస్టు రాశాం. రెండు కాలేజీల మధ్య ఎంతకీ తేలకపోతే, నేనే ఒకదాన్ని ముందు పెట్టమన్నాను. ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నది అదే కాలేజీ. నిరుడు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజనీరింగ్ లిస్టులో మొదటి వందలో ఉంది. ఈ ఏడు వంద దాటి బ్యాండ్‌లోకి వెళ్లిపోయింది. కింద మా బావ ఒకే ఒక్క లైను: "ఏమయ్యా బావమరిదీ, నువ్వే కదా చెప్పింది."

పది నిమిషాలకి పిల్ల ఫోన్ చేసింది. "మావయ్యా, నేను తప్పు చేశానా?"

ఫోన్‌లో ఏదో సర్ది చెప్పాను గానీ, సరైన జవాబు నా దగ్గర లేదు. ఆ రాత్రి కూర్చుని ఈ ర్యాంకుల కథ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే, ర్యాంకు మారినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న "కాలేజీకి ఏమైంది?" అని ఒక్కటే కాదు. పక్క కాలేజీలకి ఏమైంది, కొలిచే టేపుకి ఏమైంది, ఇవి కూడా అడగాలి. ఈ మూడో ప్రశ్నని మనం అసలు అడగం. చరిత్రలో పెద్ద పెద్ద ఎగుడుదిగుడులు మాత్రం చాలాసార్లు అక్కడే జరిగాయి.

కాలేజీలకి ర్యాంకులివ్వడం మొన్నమొన్నటి పని అనుకుంటాం కదా. కాదు. 1911కి వెళ్దాం, అమెరికాకి. అక్కడి ప్రభుత్వంలో బ్యూరో ఆఫ్ ఎడ్యుకేషన్ అని ఒక శాఖ, అందులో కెండ్రిక్ బాబ్‌కాక్ అనే అధికారి. పెద్ద యూనివర్సిటీలకి అప్పట్లో ఒక తలనొప్పి ఉండేది. ఎక్కడెక్కడి కాలేజీల నుంచో డిగ్రీ పట్టుకుని పీజీకి వస్తున్నారు, ఎవరి డిగ్రీకి ఎంత విలువివ్వాలో తెలియట్లేదు. అది తేల్చే పని ఈయన మీద పడింది. ఈయన 344 కాలేజీలని నాలుగు తరగతులుగా విడగొట్టాడు. మొదటి తరగతి కాలేజీ నుంచి వచ్చినవాళ్లు మామూలుగా ఒక ఏడాదిలో మాస్టర్స్ పూర్తి చేయగలరు, కింది తరగతుల వాళ్లకి ఇంకా టైం పడుతుంది. లెక్క ఇంతే.

ఇంకా బయటపెట్టకముందే లిస్టు పేపర్లకి లీకైంది. ఇక చూడండి గొడవ. రెండో తరగతిలో, మూడో తరగతిలో పడ్డ కాలేజీల అధ్యక్షులు ప్రభుత్వం మీద విరుచుకుపడ్డారు. చివరికి ప్రెసిడెంట్ టాఫ్ట్ దాన్ని విడుదల చేయొద్దని ఆర్డర్ వేశాడు. తర్వాత వచ్చిన విల్సన్‌ని అడిగితే ఆయనా కుదరదన్నాడు. ఈ విల్సన్ ఎవరనుకున్నారు? రాజకీయాల్లోకి రాకముందు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి ప్రెసిడెంటుగా పనిచేసినాయన. లోపలి సంగతి బాగా తెలిసినాయన!

ఆ లిస్టు ఒప్పా తప్పా అన్నది ఎవరూ కూర్చుని తేల్చలేదు. జనానికి చూపించొద్దన్నారు, అక్కడితో సరి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ప్రభుత్వం వదిలేసిన పనిని చాలా ఏళ్ల తర్వాత ఒక వారపత్రిక ఎత్తుకుంది. 1983లో యూఎస్ న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ 1,308 మంది కాలేజీ ప్రెసిడెంట్లకి ఒక ప్రశ్నాపత్రం పంపింది. మంచి కాలేజీలేవో చెప్పండి అని. 662 మంది జవాబిచ్చారు, అంటే సగం మంది. స్టాన్‌ఫర్డ్ ఫస్ట్ వచ్చింది. ఒక్క అంకె లేదు, ఒక్క పరీక్ష ఫలితం లేదు. పెద్దమనుషుల నోటిమాట, అంతే. మన దగ్గర పెళ్లి సంబంధానికి ఊళ్లో వాకబు చేస్తారే, అలాంటిదన్నమాట.

విమర్శలొచ్చాక పత్రికవాళ్లు అంకెలు కలపడం మొదలుపెట్టారు. 1988 నుంచి ప్రతి ఏడూ లిస్టు వస్తోంది. ఎంతమందికి సీటిచ్చారు, క్లాసులో ఎంతమంది కూర్చుంటారు, ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చు పెడతారు, ఇలాంటివన్నీ. అంకెలొస్తే ఇక తిరుగుండదు అనుకుంటాం కదా? అక్కడే నాకు బాగా నచ్చిన కథ ఉంది.

1999లో కాల్‌టెక్ 9వ స్థానం నుంచి ఒక్కసారిగా 1కి వచ్చింది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ అందరూ వెనక్కి. ఆ ఒక్క ఏడాదిలో కాల్‌టెక్ ఏం సాధించింది? ప్రత్యేకంగా ఏమీ లేదు. మారింది లెక్క. విద్యార్థి మీద పెట్టే ఖర్చుని అంతకుముందు ఒక సర్దుబాటుతో కొలిచేవాళ్లు. ఖర్చు పదివేల డాలర్ల నుంచి ఇరవై వేలకి పెరిగితే చాలా పెద్ద తేడా, అదే లక్ష నుంచి లక్షా పదివేలకి పెరిగితే చిన్న తేడా. ఇల్లు కట్టేటప్పుడు మొదటి బాత్రూమ్‌కి ఉన్న విలువ నాలుగో బాత్రూమ్‌కి ఉండదు కదా, ఆ లాజిక్కు. ఆ ఏడాది ఆ సర్దుబాటు తీసేసి ఉన్నది ఉన్నట్టు లెక్కేశారు. కాల్‌టెక్‌లో డిగ్రీ పిల్లలు వెయ్యికి లోపే. ల్యాబుల ఖర్చేమో కొండంత. ఒక్కో తలకి చూస్తే ఎవరికీ అందనంత వచ్చింది. అంతే, నంబర్ వన్! మరుసటి ఏడాది పద్ధతి మళ్లీ మార్చారు. కాల్‌టెక్ 4కి వచ్చింది. ఈ రెండేళ్లలో అక్కడ చదువుకున్న కుర్రాడికి అవే క్లాసులు, అవే ప్రొఫెసర్లు, అదే క్యాంటీన్. ర్యాంకు మాత్రం తొమ్మిది, ఒకటి, నాలుగు.

ఇది కొలిచేవాళ్ల కథ. కొలిపించుకునేవాళ్లు మాత్రం ఊరుకుంటారా? బోస్టన్‌లో నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ అని ఉంది, మన తెలుగు పిల్లలు ఎంఎస్‌కి బాగా వెళ్లే చోటు. 1996లో దాని ర్యాంకు 162. కొత్తగా వచ్చిన ప్రెసిడెంట్ రిచర్డ్ ఫ్రీలాండ్ టాప్ 100లోకి తీసుకెళ్తానని కంకణం కట్టుకున్నాడు. పత్రిక ఫార్ములాని విప్పి చూసుకున్నారు. ఇరవై మంది లోపున్న క్లాసులకి మార్కులున్నాయి. ఏం చేశారు? చాలా క్లాసుల్లో సీట్లు 19 దగ్గర ఆపేశారు. ఇరవయ్యో పిల్లాడు వస్తే చదువు చెడిపోతుందని కాదు, మార్కు పోతుందని. 2006కి 98కి చేరారు. నన్నడిగితే దీన్ని మోసం అనలేను. చిన్న క్లాసు మంచిదే, హాస్టళ్లు కట్టారు, టీచర్లని తీసుకున్నారు. కానీ ఏది మంచిదో నిర్ణయించింది యూనివర్సిటీ కాదు, ఒక పత్రిక ఆఫీసు. అది నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

మేం ఈ ఆటే ఆడం అన్నవాళ్లూ ఉన్నారు. రీడ్ కాలేజీ 1995లో డేటా ఇవ్వడం మానేసింది. తర్వాత లిస్టులో దాన్ని అట్టడుగు వరుసలో పడేశారు. ఆట ఆడనంటే ఔటిచ్చినట్టు.

కొలంబియా కథ ఇంకో రకం. 2022లో ఆ యూనివర్సిటీ దేశంలో నంబర్ టూ. అక్కడే పనిచేసే మ్యాథ్స్ ప్రొఫెసర్ మైకేల్ థాడియస్‌కి అనుమానం వచ్చింది. ఇరవై లోపు పిల్లలున్న క్లాసులు మా దగ్గర 82.5 శాతం అని యూనివర్సిటీ రాసిచ్చింది. ఈయన యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే అందరికీ కనపడే క్లాసుల పట్టిక తీసి లెక్కేస్తే 67 శాతం కూడా రావట్లేదు. అదంతా తన పేజీలో రాసి పెట్టేశాడు. ఆ సెప్టెంబరుకి కొన్ని లెక్కలు తప్పిచ్చామని యూనివర్సిటీ ఒప్పుకుంది. ర్యాంకు 2 నుంచి 18కి పడింది. ఇక్కడ గమనించండి, ఆయన దగ్గర రహస్య పత్రాలేమీ లేవు. అందరికీ తెరిచి ఉన్న సమాచారం, కొంచెం ఓపిక. అంతే.

తర్వాతి ఏడాది, 2023లో, యూఎస్ న్యూస్ తన ఫార్ములాని బాగా కదిపింది. క్లాసు సైజు తీసేసింది, పాత విద్యార్థుల విరాళాలు తీసేసింది, పేదింటి పిల్లలు ఎంతమంది డిగ్రీ పూర్తిచేస్తున్నారు అన్నదానికి బరువు పెంచింది. టులేన్ యూనివర్సిటీ 44 నుంచి 73కి జారింది, చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు పైకొచ్చాయి. అప్పుడు మన కన్సల్టెన్సీల దగ్గర ఆ లిస్టు చూసి ఎంఎస్ అప్లికేషన్లు మార్చుకున్న పిల్లలు నాకు తెలుసు. ఏంటి విడ్డూరం అంటే, ఆ నేషనల్ యూనివర్సిటీస్ లిస్టు అక్కడి డిగ్రీ చదువు కోసం. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్ స్కూళ్ల లిస్టు వేరే ఉంటుంది. ఇల్లు అద్దెకి చూసేవాడు పెళ్లి హాళ్ల రేటింగ్ చూసుకున్నట్టు.

సరే, మన దేశానికి వద్దాం. మన దగ్గర 1997 నుంచే ఇండియా టుడే కాలేజీల లిస్టులు వేస్తోంది, తర్వాత మిగతా పత్రికలూ వేశాయి. ప్రభుత్వానికి అసలు కాక తగిలింది మాత్రం బయటి నుంచి. 2003లో షాంఘై జియావో టాంగ్ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకులు మొదలుపెట్టింది. వాళ్ల ఉద్దేశం ప్రపంచానికి తీర్పు చెప్పడం కాదు, చైనా యూనివర్సిటీలు ఎంత వెనకబడ్డాయో చూసుకోవడం. అద్దం కొనుక్కున్నారన్నమాట. మనమేమో ఆ అద్దంలో మన మొహం చూసుకుని బాధపడ్డాం. రాష్ట్రపతిగా ప్రణబ్ ముఖర్జీ వెళ్లిన స్నాతకోత్సవాల్లో మళ్లీ మళ్లీ అదే మాట: ప్రపంచ టాప్ 200లో మన యూనివర్సిటీ ఒక్కటైనా లేదేంటి? ఇటు మన విద్యావేత్తలేమో, మీ కొలతలు మా దేశానికి సరిపోవు, రిజర్వేషన్లు, గ్రామీణ పిల్లలు ఇవన్నీ మీకు కనపడవు అని. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

అలా పుట్టింది ఎన్‌ఐఆర్‌ఎఫ్. 2015 సెప్టెంబరు 29న ప్రకటించారు, 2016 ఏప్రిల్ 4న మొదటి లిస్టు వచ్చింది. అప్పుడు నాలుగే కేటగిరీలు: యూనివర్సిటీలు, ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మసీ. యూనివర్సిటీల్లో బెంగళూరు ఐఐఎస్‌సీ ఫస్ట్, ముంబై ఐసీటీ రెండు, జేఎన్‌యూ మూడు, నాలుగు ఎవరో తెలుసా? మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అయిదు అస్సాంలోని తేజ్‌పూర్.

తేజ్‌పూర్ మరుసటి ఏడాదికి టాప్ 20లోనే లేదు. ఒక్క ఏడాదిలో ఒక యూనివర్సిటీ అంత పాడవుతుందా? భవనాలు కూలవు, ప్రొఫెసర్లందరూ ఒకేసారి వెళ్లిపోరు. 2017లో కొలతల్లో మార్పులు చేశారు, పోటీలోకి వచ్చినవాళ్లు మారారు. కాల్‌టెక్ కథే, ఈసారి తలకిందులుగా.

ఇంతకీ ఏం కొలుస్తారు? ఇంజనీరింగ్‌కి అయితే బోధన, వనరులు కలిపి 30, రీసెర్చ్‌కి 30, చదువు పూర్తయ్యాక ఏమయ్యారు అన్నదానికి 20, వేరే రాష్ట్రాల పిల్లలు, ఆడపిల్లలు, పేద కుటుంబాల పిల్లలు ఎంతమంది అన్నదానికి 10, మిగతా 10 పేరుప్రతిష్ఠలకి. అంటే ఆ 1983 నాటి నోటిమాట ఇంకా పదో వంతు బతికే ఉంది. ఇక బోధన 30 అన్నారు కదా, అందులో చూస్తే టీచర్లు ఎంతమంది, పీహెచ్‌డీ ఎంతమందికి ఉంది, అనుభవమెంత, ఖర్చెంత, ఇవి ఉంటాయి. పాఠం అర్థమయ్యేలా చెప్పారా అని కొలిచే గడి ఎక్కడా లేదు. కొలవడం కష్టం కాబట్టి లేదు. తప్పు పట్టట్లేదు, కానీ "ర్యాంకు బాగుంది, చదువు బాగా చెప్తారు" అని మా బావ అన్నప్పుడు ఆ గడి ఖాళీ అని ఆయనకి తెలియదు. వెబ్ ఆప్షన్స్ రోజు నాకూ తెలియదు.

ఇప్పుడు హెచ్‌సీయూ సంగతి. 2016లో 4. 2023లో 10. 2024లో 17, 2025లో 18. ఇది చూసి, యూనివర్సిటీ నాశనమైపోయింది అని ఒక వర్గం, ర్యాంకులన్నీ బోగస్ అని ఇంకో వర్గం. నేను రెండూ ఒప్పుకోను. పదేళ్లలో ఆట పెద్దదైంది. 2016లో ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి వచ్చిన సంస్థలు 2,426, 2025కి 7,692. కేటగిరీలవారీ అప్లికేషన్లు చూస్తే 3,565 నుంచి 14,163. పైగా డబ్బున్న ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలు ఈ ఫార్ములాని బట్టీ కొట్టేశాయి. 2025 టాప్ 10 యూనివర్సిటీల్లో మణిపాల్, బిట్స్ పిలానీ, అమృత మూడూ ఉన్నాయి. తనవరకు తాను అక్కడే నిలబడ్డ యూనివర్సిటీ కూడా ఇలాంటప్పుడు కిందికి జరుగుతుంది. అలాగని అంతా టేపు మీదికి తోసేయడమూ తప్పే. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టుల గురించి పార్లమెంటులో ఏటా ప్రశ్నలొస్తూనే ఉన్నాయి. టీచర్ల సంఖ్య తగ్గితే మార్కు తగ్గుతుంది, పిల్లలకి నష్టమూ జరుగుతుంది. ఆ ముక్కవరకు ర్యాంకు నిజమే చెప్తోంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మన రెండు రాష్ట్రాల వాళ్లకీ ప్రత్యేకం. కొట్టుకోకుండా వినండి. 2024 ఆగస్టు 12న లిస్టులొచ్చాయి. యూనివర్సిటీల కేటగిరీలో ఆంధ్రా యూనివర్సిటీ 25, ఉస్మానియా 43. ఆంధ్రా చాలా ముందుంది కదా? అదే రోజు, అదే మంత్రిత్వ శాఖ, మొదటిసారి పెట్టిన రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల కేటగిరీ. అందులో ఉస్మానియా 6, ఆంధ్రా 7. ఒక లిస్టులో పద్దెనిమిది మెట్లు కిందున్నది, ఇంకో లిస్టులో ఒక మెట్టు పైన! యూనివర్సిటీలు అవే, సంవత్సరం అదే. వరుస తిరగబడిందంటే లెక్క వేసే తీరు వేరన్నమాట. 2025లో ఆంధ్రా 4, ఉస్మానియా 7. ఆ రోజుల్లో ఇటు వాళ్లు ఒక స్క్రీన్‌షాట్, అటు వాళ్లు ఇంకో స్క్రీన్‌షాట్ పెట్టుకుని ఫేస్‌బుక్‌లో తిట్టుకున్నారు. ఇద్దరిదీ కరెక్టే, అదే కామెడీ.

కేటగిరీల సంగతి కూడా చూడండి. నాలుగుతో మొదలై, మెడికల్, లా, ఆర్కిటెక్చర్, డెంటల్, రీసెర్చ్, వ్యవసాయం, ఇన్నోవేషన్, ఓపెన్ యూనివర్సిటీలు, స్కిల్ యూనివర్సిటీలు, 2025లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అని ఇంకోటి. కొన్నిటికి న్యాయం ఉంది. ఐఐటీతో జిల్లాలో ఉన్న రాష్ట్ర యూనివర్సిటీని ఒకే బరిలో దింపడం అన్యాయమే. కానీ దీనివల్ల హోర్డింగులవాళ్లకి పండగ. ఏదో ఒక లిస్టులో ఏదో ఒక మంచి అంకె దొరుకుతుంది. కేటగిరీ పేరు చీమతలంత, అంకె ఏనుగంత. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని టీవీలో అరిచే యాడ్స్ విని పెరిగిన జాతి మనది, మనకి అంకె చాలు.

ఇక రీసెర్చ్‌కి 30 మార్కులు అంటే ఏం జరుగుతుందో ఊహించండి. పేపర్లు, పేపర్లు, పేపర్లు. 2023లో సైన్స్ అనే పత్రిక చెన్నైలో ఒక డెంటల్ కాలేజీ గురించి రాసింది. డిగ్రీ పిల్లలతో నాలుగు గంటల పరీక్షలాగా పెట్టి రీసెర్చ్ పేపర్లు రాయించారని, వాటిలో ఆ కాలేజీ పాత పేపర్లనే మళ్లీ మళ్లీ ఉదహరించేలా చేశారని. మేం తప్పు చేయలేదని కాలేజీ అంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌వాళ్లు 2025లో ఒక కొత్త నిబంధన తెచ్చారు: తప్పులు బయటపడి వెనక్కి తీసుకున్న పేపర్లకి మైనస్ మార్కులు. నాకు ఈ పదేళ్లలో బాగా నచ్చిన మార్పు ఇదే. ఈ ఏడు ఎవరిదైనా ర్యాంకు పడితే, పాత పాపం కక్కించి ఉండొచ్చు. అదే ఏడాది మార్చిలో, కాలేజీలు తప్పుడు డేటా ఇస్తున్నాయన్న పిటిషన్ మీద మద్రాసు హైకోర్టు మదురై బెంచి ర్యాంకుల విడుదలని కొన్నాళ్లు ఆపింది కూడా. ఎందుకంటే లెక్కలు చాలావరకు కాలేజీలే రాసిస్తాయి. కొలంబియానే అలా రాసిస్తే మనవాళ్ల సంగతి చెప్పాలా?

మరి తీసి పారేద్దామా? చాలామంది స్నేహితులు ఇదే అంటారు. నేను మాత్రం వద్దంటాను. బాబ్‌కాక్ లిస్టు గుర్తుందా? దాన్ని దాచేశాక అమెరికా పిల్లలకి ఒరిగిందేమీ లేదు. కాలేజీల బ్రోషర్లు నమ్ముకుని చేరారు, అంతే. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో అన్నిటికంటే పనికిరానిది ర్యాంకు, అన్నిటికంటే పనికొచ్చేది దాని వెనకున్న కాగితం. లిస్టులోకి వచ్చిన ప్రతి సంస్థ ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైట్‌లో, కాలేజీ సైట్‌లో ఉంటుంది. ఉచితం. మన ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ఎవరూ తెరవరు.

ఆ రాత్రి మా పిల్లకి మళ్లీ ఫోన్ చేసి, వీడియో కాల్‌లో ఆ పీడీఎఫ్ తెరిపించాను. పక్కన మా బావ పెట్టమన్న రెండో కాలేజీది కూడా. దాని ర్యాంకు ఈ ఏడు నిలబడింది మరి.

ముందు ప్లేస్‌మెంట్ పట్టిక. మీడియన్ జీతం అని ఒక గడి ఉంటుంది. బావ మెచ్చిన కాలేజీలో ఆ అంకె కొంచెం ఎక్కువే. పక్క గడి చూడమన్నాను: టైంకి పాసైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఉద్యోగమొచ్చినవాళ్లు ఎంతమంది. మీడియన్ అంటే ఉద్యోగమొచ్చినవాళ్లలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి జీతం. ఊరికే ఒక లెక్క అనుకోండి, 300 మంది పాసై 100 మందికే ఉద్యోగాలొస్తే, ఆ అంకె ఆ 100 మంది మధ్యలోంచి వస్తుంది. మిగతా 200 మంది అందులో కనపడరు. అలా చూస్తే మా పిల్ల కాలేజీలో ఉద్యోగాలొచ్చినవాళ్ల వాటా బాగా ఎక్కువ. పిల్ల మొహం వెలిగింది.

తర్వాత టీచర్ల జాబితా. చేరిన తేదీలు కూడా ఉన్నాయి అందులో. అక్కడ మా కాలేజీ బాగోలేదు. పాతవాళ్లు వెళ్లిపోయినట్టున్నారు, నిరుటి నుంచి కొత్తగా చేరినవాళ్లు చాలామంది. పిల్ల అడక్కముందే నేనే చెప్పాను, ఇది మంచిది కాదు, ర్యాంకు పడటానికి ఇదొక కారణం అయ్యుండొచ్చు అని. ఇంకో సంగతి, ఈ డేటా ఈ ఏటిది కాదు. ర్యాంకు వచ్చేసరికి అందులోని లెక్కలు ఏడాది రెండేళ్ల పాతవి. లిస్టు సెప్టెంబరులో వచ్చింది, కౌన్సెలింగ్ ఎప్పుడో అయిపోయింది. మేం జులైలో చూసి మురిసిపోయిన ర్యాంకు కూడా అంతకుముందెప్పటిదో పాత ఫోటోనే.

"అయితే నేను తప్పు చేయలేదా, చేశానా? ఒకటి చెప్పు మావయ్యా."

"ర్యాంకు చూసి చేర్పించడం నేను చేసిన తప్పు. కాలేజీ తప్పో కాదో నువ్వు ఈ సెమిస్టర్ అయ్యాక నాకు చెప్పు. మీ సీనియర్లని అడుగు, ఏ సార్లు వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లారు అని."

"సరే, ఉంటా. రేపు ల్యాబ్ రికార్డు ఇవ్వాలి, సగం కూడా రాయలేదు."

పొద్దున లేచి చూస్తే గ్రూపులో మా బావ మెసేజ్. "ఆ పీడీఎఫ్ ఎక్కడుంటుందో లింకు పెట్టు. మా ఆఫీసులో ఒకాయన కొడుకు వచ్చే ఏడు ఎంసెట్ రాస్తున్నాడు."

పెట్టాను. మీకూ కింద పెడుతున్నాను. వచ్చే ఎపిసోడ్‌లో మొదట అనుకున్న టాపిక్‌తో కలుద్దాం, ఉంటాను.